పై అంతస్తుకి పెట్రోలు

మార్చి 3, ఆదివారం

కారు అమ్మను. తర్వాత నేనే మెత్తబడకుండా ఇది ముందే రాసిపెడుతున్నాను.

తమ్ముడు వచ్చి కారు అమ్మేద్దామక్కా అన్నాడు. కారు మా ఇద్దరిదీ, చెరి సగం. కొనేవాణ్ని కూడా చూసుకునే వచ్చాడు, గడుసువాడు. వాడి భయం నాకు తెలియనిది కాదు. ఇంజన్‌లోకి గాలి తోసే సూపర్‌చార్జర్‌కి, అది ఇంకా జోరుగా తిరిగేలా చిన్న పుల్లీ వేయించిన దగ్గర్నుంచి బండి భలే పరిగెడుతోంది. కానీ పూర్తిగా తొక్కితే, స్పీడు పైకి వెళ్లేకొద్దీ, లోపల గులకరాళ్లు పోసినట్టు టకటకమంటోంది. గాలి ఎక్కువ పోతోంది, దానికి తగ్గ పెట్రోలు అందడం లేదు. ఇలాగే తొక్కితే ఏదో ఒక రోజు పిస్టన్ కరిగిపోతుంది. ఇంజన్ పోయాక తుక్కు కొనేవాడు తప్ప ఎవడూ రాడు, బతికుండగానే అమ్మేద్దాం అంటాడు వాడు.

ట్యాంక్ నుంచి ఇంజన్‌కి పెట్రోలు తోసే పంపు మారిస్తే చాలన్నాను. పంపు తర్వాత ఇంకోటి, దాని తర్వాత మరోటి, నీ పిచ్చికి అంతే లేదన్నాడు. ఒళ్లు మండింది. ఈ నెల ఇరవై నాలుగున పాత రన్‌వే మీద కార్ల స్పీడుకి టైమింగ్ పెడుతున్నారు. ఆ రోజు చివరిదాకా తొక్కుతాను, పెట్రోలు ఒత్తిడి చూపే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ ముల్లు ఒక్కసారి కింద పడినా అదే సాయంత్రం అమ్మకానికి సంతకం పెడతాను అన్నాను. పడకపోతే ఇక జన్మలో అమ్మకం మాటెత్తకూడదు. వాడు వెంటనే సరే అన్నాడు.

అంత వెంటనే అనడం నాకు నచ్చలేదు.

మార్చి 4, సోమవారం

ఎందుకే నీకంత పంతం అని అమ్మ ఫోన్‌లో అడిగింది. చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. నా చదువు నాన్న ఎంచారు. నా పెళ్లి పెద్దమ్మ ఎంచింది, అది రెండేళ్లు కూడా నిలవలేదు. ఉద్యోగమంటారా, ఎక్కడో ఖాళీ ఉందంటే చేరాను. నా కళ్లతో చూసి, నా చేత్తో నడిపి, నాకిదే కావాలని వేలు పెట్టి చూపించి తెచ్చుకున్నది ఈ కారు ఒక్కటే. చాలా?

మార్చి 6, బుధవారం

మెకానిక్ దగ్గరికి వెళ్లాను. నోరు ఆగదు కాబట్టి అందరూ అతన్ని హారన్ అంటారు. పని మాత్రం శుభ్రంగా చేస్తాడు. అన్నిటికంటే పెద్ద పంపు తీసుకోండి మేడమ్, కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు అన్నాడు. ఎంత పెద్దదన్నాను. డబ్బా మీద అంకె చూపించాడు. అది ఎంత ప్రెషర్ దగ్గర వచ్చే అంకె అన్నాను. పెద్దదంటే పెద్దదే కదా మేడమ్, మధ్యలో ప్రెషర్ ఏమిటి అన్నాడు. పక్కనున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆడవాళ్లకి పంపుల గొడవెందుకో అని ఒకడు మెల్లగా అన్నాడు. నాకు వినపడేంత మెల్లగా.

ఒరే నాయనా, పదేళ్లుగా నేను తింటున్న అన్నం పంపులు పెట్టిందే. ఏ అపార్ట్‌మెంట్‌కి ఏ నీళ్ల పంపు సరిపోతుందో చూసి చెప్పడమే నా ఉద్యోగం. డబ్బా మీద అంకె నేల మీద బకెట్లో పట్టుకుంటే వచ్చేది. ఐదో అంతస్తు కుళాయిలో ఎంత వస్తుందో డబ్బా చెప్పదు. కారుకీ అంతే. సూపర్‌చార్జర్ తోసే గాలికి ఎదురెళ్లి పెట్రోలు లోపల పడాలి. బూస్ట్, అంటే ఆ గాలి ఒత్తిడి, పెరిగిందంటే ఒక అంతస్తు పెరిగినట్టే. నాకు కావాల్సింది పై అంతస్తుకి అందించే పంపు.

ఇదంతా అక్కడ అనలేదు. గ్రాఫ్‌లు తెప్పించండి అని మాత్రం అని వచ్చేశాను.

మార్చి 7, గురువారం

హారన్ ఫోన్ చేశాడు. గ్రాఫ్ అంటే ఏ గ్రాఫ్ మేడమ్ అని.

మార్చి 9, శనివారం

మూడు పంపులు చూశాను, ఏ ప్రెషర్ దగ్గర ఎంత పెట్రోలు పోస్తాయో చెప్పే గ్రాఫ్‌లతో సహా. ఒకదానికి గ్రాఫే లేదు, డబ్బా నిండా బంగారు రంగులో రేసింగ్ రేసింగ్ అని మాత్రం ఉంది. పక్కన పడేశాను. రెండోది హారన్ చెప్పిన పెద్దది. దాంతో చిక్కేమిటంటే, ఇంజన్ వాడుకోని పెట్రోలు మళ్లీ ట్యాంక్‌లోకి వెళ్లాలి, మా కారులో ఆ గొట్టం సన్నం. సిగ్నల్ దగ్గర ఊరికే ఆగి ఉన్నప్పుడు కూడా ఈ మహానుభావుడు పొంగించే పెట్రోలుకి వెనక్కి దారి దొరకదు. ప్రెషర్ పేరుకుపోయి ఇంజన్ నల్లపొగ కక్కుతుంది. మూడోది మధ్యరకం. నాకు కావాల్సిన ప్రెషర్ దగ్గర, ఇంజన్ అడిగేదానికంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. అదే చాలు. అదే ఆర్డర్ పెట్టాను.

మీ ఇష్టం మేడమ్, రేపు నన్ను అనొద్దు అన్నాడు హారన్. పెద్దదంటే భయమా అన్నాడు తమ్ముడు. ఇంట్లో స్నానానికి ఫైరింజన్‌ని పిలుస్తావా అన్నాను.

మార్చి 13, బుధవారం

పంపు వచ్చింది. నేను పనిచేసే పంపుల షాపు వెనక ఖాళీ స్థలంలో, నేరుగా బ్యాటరీకి కలిపి, రెగ్యులేటర్‌తో ప్రెషర్ పెట్టి, క్యాన్‌లోకి పట్టి చూశాను. గ్రాఫ్‌లో ఎంతుందో అంతే వచ్చింది. పెట్రోలుతో షాపు తగలబెడతావా ఏమిటని మేనేజర్ కిటికీలోంచి అరిచాడు. చెవిన పెట్టలేదు. ఈ రోజు నా కళ్లు నెత్తికెక్కాయి, ఒప్పుకుంటాను.

మార్చి 16, శనివారం

హారన్ పంపు బిగించాడు. బండి కదలకుండా చక్రాలు మాత్రం తిరిగే రోలర్ల మీద ఎక్కించి తొక్కాను. ముల్లు చక్కగా లేచింది, ఇంకా లేచింది, సరిగ్గా చివర్లో కిందికి జారింది. మళ్లీ తొక్కాను. మళ్లీ జారింది.

హారన్ ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడం నేను చూడటం ఇదే మొదలు.

మార్చి 17, ఆదివారం

పెద్దది తీసుకోవాల్సిందా? లేదు. లేదు. లేదు.

మార్చి 19, మంగళవారం

ఫిల్టర్ మార్చాను. గొట్టాలన్నీ విప్పి చూశాను. లాభం లేదు. హారన్ ఆ పెద్ద పంపు డబ్బాని నాకు కనపడేలా బల్ల మీదే పెట్టాడు, పాపం తెలియక కాదు.

సాయంత్రం కొనేవాడు వచ్చి చూసుకున్నాడు. నా సీట్లో కూర్చుని, ఈ మీటర్లన్నీ పీకేస్తే నీట్‌గా ఉంటుందన్నాడు. నేను లోపలికి వెళ్లిపోయి ఏడ్చాను. ఏడ్చానని రాస్తున్నాను, నాకెవరి భయం?

ఆ పెద్ద డబ్బా మాత్రం కొనను. ఓడిపోతే నేను ఎంచిన పంపుతోనే ఓడిపోతాను.

మార్చి 22, శుక్రవారం

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి.

కొనేవాడు ఆదివారం సాయంత్రం ఎన్నింటికి రావాలో అడగడానికి తమ్ముడు మా షాపుకి వచ్చాడు. అప్పుడే నేను ఫోన్‌లో ఒకావిడ చేత తిట్లు తింటున్నాను. నాలుగో అంతస్తుకి నీళ్లెక్కడం లేదట, మీ పంపు శుద్ధ దండగ అంటోంది. నేను రోజూ అడిగేదే అడిగాను. ముందు వోల్టేజీ చూశారా అమ్మా, పంపు నడుస్తుండగా పంపు దగ్గరే చూడాలి అని. ఫోన్ పెట్టేశాను.

తమ్ముడు నన్నే చూస్తున్నాడు. సరే వస్తానక్కా అని లేచి తలుపు దాకా వెళ్లాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. మళ్లీ వెనక్కి వచ్చి, ఊళ్లో అందరినీ అడిగే ఆ మాట మన కారునెందుకు అడగలేదక్కా అన్నాడు.

అని, వెంటనే తల పట్టుకున్నాడు. ఛ, నా నోరు పడిపోను అన్నాడు.

పప్పులో కాలేశాను. మామూలుగా కాదు, మోకాలి దాకా. నేను పరీక్ష చేసింది బ్యాటరీకి నేరుగా కలిపి. కారులో ఆ పంపు దాకా వెళ్లేది పాత వైరు, దారంలా సన్నం, పాత పంపుకి తగ్గది. ఇద్దరం అప్పటికప్పుడు హారన్ దగ్గరికి వెళ్లి, బండిని రోలర్ల మీద పెట్టి, మీటర్ పట్టుకున్నాం. బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు. పంపు దగ్గర పదకొండు కూడా లేవు. కొత్త పంపు పాపం సగం ఆకలితో పనిచేస్తోంది.

అయితే మేడమ్, పెద్దది పెట్టుంటే ఆ వైరు మాడిపోయేదే కదా అన్నాడు హారన్. దాన్ని క్షమాపణ కింద జమ వేసుకున్నాను.

మార్చి 23, శనివారం

బ్యాటరీ నుంచి పంపు దాకా లావు వైరు, రిలే, ఫ్యూజ్. హారన్ వేశాడు, నేను దగ్గరుండి వేయించాను, తమ్ముడు కారు కింద పడుకుని టార్చ్ పట్టాడు. హారన్ రోలర్లు ఈ రోజుకి వేరేవాళ్లకి ఇచ్చేశాడట, పరీక్షకి టైము లేదు. షరతు షరతే సుమా అన్నాడు తమ్ముడు, కింద నుంచే. షరతు షరతే అన్నాను.

మార్చి 24, ఆదివారం, ఉదయం 6

కొత్త వైరు బిగింపులు ఇంకోసారి లాగి చూసి వచ్చాను. బయల్దేరుతున్నాం.

మార్చి 24, సాయంత్రం 5

గేజ్ ఎడమ మూలన ఉంటుంది. అంత స్పీడులో నేను దాన్ని చూడలేను, రోడ్డు చూడాలి. ముల్లు చదవడానికి పక్క సీట్లో తమ్ముడు కూర్చున్నాడు. అమ్మాలనుకునేవాడినే సాక్షిగా పెట్టుకుంటారా మేడమ్, పడకపోయినా పడిందంటాడు అన్నాడు హారన్. వాడు నా తమ్ముడు అన్నాను.

జెండా ఊపారు. తొక్కాను. సూపర్‌చార్జర్ కూత మొదలైంది. తమ్ముడు గట్టిగా అంకెలు చదువుతున్నాడు, ఒక్కొక్కటే పెరుగుతోంది. సరిగ్గా రోలర్ల మీద ముల్లు జారిన చోటికి వచ్చేసరికి వాడి నోరు ఆగిపోయింది.

పడిపోయిందనుకున్నాను. కాలు వదలబోయాను, నిజం. అంతలో, వాడు నోటితో చెప్పేదాకా వదిలేది లేదని ఇంకా అదిమాను. గులకరాళ్ల కోసం చెవులు రిక్కించాను. లేవు. కూత తప్ప ఏమీ లేదు. అప్పుడు వాడు అరిచాడు. అంకె కాదు. వదలకక్కా, తొక్కు, తొక్కు అని అరిచాడు.

ఆగాక హారన్ పరిగెత్తుకొచ్చి, పడిందా అని అడిగాడు. తమ్ముడు సీసాడు నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, వెంట్రుకవాసి కూడా పడలేదన్నాడు. మరి మధ్యలో ఎందుకు నోరు మూశావురా అంటే, చూస్తూ ఉండిపోయానక్కా అన్నాడు. వాడి మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఎవరికీ కనపడకుండా లోపలికి వెళ్లలేదు.

మార్చి 27, బుధవారం

కొనేవాడు వచ్చాడు. రావద్దని చెప్పడం తమ్ముడు మరిచిపోయాడట. కారు అమ్మటం లేదని చెప్పాను. ఒక్కసారి చూపించండి చాలన్నాడు. చూపించడానికి కారు లేదు. ఐదు నిమిషాలని చెప్పి పొద్దున తీసుకెళ్లాడు తమ్ముడు.

గేటు దగ్గర ఇద్దరం నిలబడి ఉన్నాం. అవతలి వీధిలోంచి ఆ కూత వినిపిస్తోంది, దగ్గరికి వచ్చినట్టే వచ్చి మళ్లీ దూరమైపోతోంది.