చుక్కల అక్షరాలు

14 సెప్టెంబర్ 1987

మాణిక్ అన్న పోయి ఇవాళ్టికి నలభై రోజులు. కామెర్లు. పన్నెండు రోజుల్లో అంతా అయిపోయింది. ఇవాళ మొదటిసారి అన్న కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ ఎత్తు తగ్గించబుద్ధి కాలేదు. కాళ్లు నేలకు ఆనలేదు, అయినా అలాగే కూర్చున్నాను.

రాధాకిషన్ శేఠ్ బట్టల దుకాణం మీది అంతస్తులో మా కంప్యూటర్ సెంటర్. శేఠ్ రోజూ మధ్యాహ్నం ఏసీ కోసం వచ్చి కూర్చుంటాడు. కంప్యూటర్‌తో ఆయనకున్న సంబంధం అంతే. అన్న ప్రోగ్రామర్, నేను ఆపరేటర్. ఇప్పుడు రెండూ నేనేనట. మాణిక్ నేర్పింది ఊకెనే పోతదా బిడ్డా, నువ్వే చూస్కోవాలె అన్నాడు శేఠ్.

పని ఒక్కటే. పన్నెండు స్కూళ్ల మార్కుల మెమోలు దీపావళి సెలవుల్లోపల ప్రింట్ చేసివ్వాలి. ఇక్కడి బళ్లన్నీ మరాఠీవి, పిల్లల పేర్లు మరాఠీలో రావాలి. మా ప్రింటర్‌కు ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. అందుకే అన్న ఏడాదిన్నర కూర్చుని మరాఠీ అక్షరాలు తయారుచేశాడు. రెండు వందల పైచిలుకు. గ్రాఫ్ పేపర్ మీద వంకర పోతున్నాయని అమ్మను, అంటే మా అవ్వను పిలిచి వాకిట్లో ముగ్గుపిండితో చుక్కలు పెట్టించేవాడు. అవ్వకు చదువు రాదు గానీ చుక్క తప్పదు. అన్న క్యాలెండర్‌లో అక్షరం చూపిస్తే అవ్వ పెట్టేది, అన్న లెక్కబెట్టి నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆ నోటుబుక్కును నాన్న అస్థికలతోపాటు గోదావరిలో వదిలాడు. కొడుకు చేతిరాత కొడుకుతోనే పోవాలన్నాడు. ఆ రోజు నేను అడ్డం చెప్పలేదు.

అక్షరాలన్నీ మెషిన్‌లో ఉన్నాయి కదా అనుకున్నాను.

19 సెప్టెంబర్

హైదరాబాద్ నుంచి కంపెనీ మనిషి కిషన్‌రావు సార్ వచ్చాడు. కొత్త డిస్క్, కొత్త సిస్టమ్. పాత డిస్క్‌లో ఉన్నదంతా తను తెచ్చిన టేప్ డ్రైవ్‌తో ఒక రీలులోకి ఎక్కించి మాకిచ్చాడు. పాత డిస్క్ వెనక్కి తీసుకుపోయాడు. డ్రైవ్ కూడా కంపెనీదే, దాన్నీ తీసుకుపోయాడు. అన్న లైబ్రరీ, అంటే ఆ అక్షరాల ఫంక్షన్లన్నీ కంపైల్ చేసి, మెషిన్ భాషలోకి మార్చి మూటగట్టిన ఫైలు, మెమో ప్రోగ్రాం మాత్రం ఫ్లాపీలో పెట్టి ఇచ్చాడు. ఇది చాలు, నడుస్తది అన్నాడు.

నడవలేదు. కంపైల్ అయింది, ముక్కలన్నీ కలిపే లింక్ దగ్గర ఆగింది. మల్టిప్లై డిఫైన్డ్. ఎన్నిసార్లు కొట్టినా అదే మాట.

20 సెప్టెంబర్

మల్టిప్లై డిఫైన్డ్.

22 సెప్టెంబర్

దొరికింది. అన్న లైబ్రరీలో షిఫ్ట్ అనే ఫంక్షన్ ఉంది. కొత్త సిస్టమ్ లైబ్రరీలోనూ షిఫ్ట్ ఉంది. పేరొకటే, పనులు వేరు. మల్టిప్లై డిఫైన్డ్ అంటే ఇదే. అన్న లైబ్రరీ ముందు పెడితే ఒక్క గీతైనా ప్రింట్ కాకముందే ప్రోగ్రాం కూలుతోంది. సిస్టమ్‌ది ముందు పెడితే మార్కులు చక్కగా వస్తున్నాయి, పేర్లున్న చోట నల్ల మరకలు వస్తున్నాయి. రోజంతా ముందూ వెనకా మార్చి చూశాను. అన్నకు నచ్చిన పేరే ఆ కంపెనీ వాళ్లకూ నచ్చాలా? ఇంకో పేరే దొరకలేదా?

శేఠ్ ఏమైందని అడిగితే, ఒక ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరున్నారు, పిలిస్తే ఎవరు పలకాలో తెలియడం లేదన్నాను. వెంటనే అర్థమైంది. ఆయనకు వాళ్ల తాత పేరే పెట్టారు, రాధాకిషన్ అంటే ఇద్దరూ ఓ అనేటోళ్లట. ఒకరి పేరు మారిస్తే పాయె, గింత లొల్లెందుకు అన్నాడు.

నిజమే. పేరు మార్చి మళ్లీ కంపైల్ చేస్తే పది నిమిషాల పని. కానీ దానికి మెషిన్ భాషలోకి మార్చకముందు అన్న రాసిన అసలు సోర్స్ కావాలి. అది రీలులో ఉంది. డ్రైవ్ హైదరాబాద్‌లో ఉంది. కంపెనీకి ట్రంక్ కాల్ చేశాను. దసరా అయినంక అస్త అన్నాడు కిషన్‌రావు సార్.

1 అక్టోబర్, ఖండే నవమి

ఏడాది వెళ్లేదాకా మా ఇంట్లో పండుగ లేదు. వాకిట్లో ముగ్గు కూడా లేదు. కానీ సెంటర్‌లో శేఠ్ ఆయుధపూజ చేయించాడు. దుకాణంలో గజంబద్ద, కత్తెర, మీది అంతస్తులో కంప్యూటర్. అవ్వ తనంతట తనే వచ్చింది. మనింట్ల పండుగ లేకుంటేంది, గది నా కొడుకు పట్టిన పనిముట్టు, దానికి పూజ లేకుంటె ఎట్ల అంది.

ప్రతి ఏడూ అన్న మెషిన్ మీద కాగితం అతికించి, ఆ కాగితానికే బొట్టు పెట్టేవాడు. నేనూ అలాగే అతికించాను. అవ్వ మాణిక్ రాసిందంతా ఏడ ఉన్నది అని అడిగింది. రీలు డబ్బా తెరిచి చూపించాను. అవ్వ పసుపు నీళ్లు చల్లింది. తడి కుంకుమ వేలితో తీసి టేపు మీద పెట్టింది, చిన్నప్పుడు అన్న నుదుట పెట్టినట్టే. అరచేత్తో నిమిరింది. ఆపాలని నాకు తెలుసు. ఈ పనిలో రెండేళ్లయింది, టేపును వేలితో తాకరాదని నాకు తెలుసు. అయినా డబ్బా పట్టుకునే ఉన్నాను. దాదాపు రెండు నెలల తర్వాత ఆమె ముఖం మొదటిసారి కొంచెం తెరిపిన పడింది.

పూజ చేసింది కదిలించొద్దని డబ్బా అలాగే మూశాము. నేను ఆ సాయంత్రమే తుడిచి ఉండాల్సింది.

6 అక్టోబర్, ఉదయం 11

కిషన్‌రావు సార్ వచ్చాడు. తెచ్చిన డ్రైవ్ పక్కన పెట్టి రీలు విప్పి చూశాడు. స్పిరిట్ తెమ్మన్నాడు.

సాయంత్రం 5

మొదటి చుట్లన్నీ అంటుకుపోయాయి. తీస్తే పూత ఊడి వచ్చింది. అన్న డైరెక్టరీ మొదట్లోనే ఉంది. ఆ తర్వాతిది డ్రైవ్ చదివింది. శేఠ్ దుకాణం చీరల స్టాక్ లిస్టు, ఒక్క లైను పోకుండా వచ్చింది.

ఫ్లాపీలోని ఫైల్లోనే పేరు మార్చలేమా అని సార్‌ను బతిమాలాను. నాకు రాదమ్మా, అచ్చేటోడు మీ అన్ననే అన్నాడు. పాత డిస్క్ ఎప్పుడో తుడిచేశారట. బాత్రూంలోకి పోయి నల్లా విప్పి ఏడ్చాను.

9 అక్టోబర్

శేఠ్ కోప్పడలేదు. పేర్లు ఇంగ్లీషులనే కొట్టు బిడ్డా, పోరలు పాసయిండ్రా లేదా అదే చూస్తరు అన్నాడు. మెమో ప్రోగ్రాంలో పేర్లు ఇంగ్లీషుకు మార్చి, లింక్ లైనులోంచి అన్న లైబ్రరీ తీసేశాను. ఒక్క ఎర్రర్ లేకుండా బిల్డ్ అయింది. ఇన్నాళ్లలో ఇదే మొదటిసారి. ఆ ఖాళీ స్క్రీన్‌ను చూస్తూ కూర్చున్నాను. దాన్ని పగలగొట్టాలనిపించింది.

17 అక్టోబర్

మెమోలు వెళ్లిపోయాయి. అవ్వ ఒకటి చూపించమంది. కాగితం అటూ ఇటూ తిప్పి, ఇవి నేను పెట్టిన చుక్కలు కావు గదా అంది.

18 అక్టోబర్

అవ్వకు టేపు పాడైందని చెప్పాను. ఎట్ల అని అడిగింది. పాత టేపు అన్నాను. కుంకుమ సంగతి ఎప్పటికీ చెప్పను.

22 అక్టోబర్, దీపావళి, పొద్దున 6

గల్లీ అంతా ముగ్గులు. మా వాకిలి ఖాళీ. పెరట్లో బావి పక్కన అవ్వ చుక్కలు పెట్టి ఉంది. మూడు అక్షరాలు. ఏడు వెళ్లకముందే ఇదేంది అని నాన్న అన్నాడు. పండుగకు కాదు, పిల్లకు పనికొస్తయని, మాణిక్ మొట్టమొదలు పెట్టించిన మూడే యాదికున్నయి అంది. అవేంటో నాకేం తెల్సు, నువ్వు సదివి సూడు అంది.

మా, ఇరవై రెండు చుక్కలు. ణి, ఇరవై నాలుగు. క, పంతొమ్మిది.

చదివి వినిపించలేదు. లెక్కబెట్టి రాసుకున్నాను.