ఈ ఫైలు వాడుకలో ఉంది

పంతులమ్మ గారికి,

కింది షాపు మెకానిక్ ప్రేమతో రాసేది. ఇక్కడ నేను, కుండీలో నీ గులాబీ, ఒక పక్కకు వొరిగిపోయిన మన మేడమెట్లు, అందరం క్షేమం. అక్కడ నీ గొంతు కూడా క్షేమమేనని, డాక్టరు చెప్పినట్టు దాన్ని పొదుపుగానే వాడుతున్నావని అనుకుంటాను. అనుకోవడమే గానీ నమ్మకం లేదు. క్లాసులో నిలబడితే నిన్ను ఆపేదెవరు?

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు. మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు తిడుతుంది. గులాబీ మొగ్గ వేసింది, ఎవరి కోసమో చెప్పలేదు. షాపుకు రేడియోలు తెచ్చేవాళ్లు తగ్గారు, కబుర్లు తెచ్చేవాళ్లు తగ్గలేదు. చొక్కా జేబు గుండీ నేనే కుట్టుకున్నాను. పక్క షాపు టైలరమ్మ చూసి చాలాసేపు నవ్వి, పీకేసి మళ్లీ కుట్టింది. ఇంకొకటి కూడా అడిగావు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఇక ఫైలు సంగతి. ఇక్కడి కంప్యూటరు నిండిపోయింది, స్థలం లేదు లేదని రోజూ గోల పెడుతోందంటే, నీ పాత మెయిళ్లన్నీ కట్టగట్టిన ఆ పెద్ద ఫైలును బయటి డిస్కులోకి మార్చి పంపమన్నావు. వినికిడి లేని పిల్లలకు ఇన్నేళ్లూ ఎలా చదువు చెప్పావో అక్కడ నువ్వు తర్ఫీదిస్తున్న కొత్త టీచర్లకు చూపించాలంటే, ఆ పిల్లలు నీకు రాసిన మెయిళ్లే కావాలన్నావు. నిజమే. ఫోను పనికిరాని పిల్లలకు మెయిలే కదా ఫోను.

ముందు ఆ ఫైలు ఎక్కడుందో కనుక్కోవడమే ఒక యాత్ర అయింది. ఒక ఫోల్డరు తెరిస్తే అందులో ఇంకొకటి, దాన్ని తెరిస్తే మరొకటి. నువ్వు బీరువాలో చీరలు సర్దే పద్ధతే. చివరికి దొరికింది. మౌసుతో పట్టుకుని డిస్కులోకి లాగాను. "ఈ ఫైలు వాడుకలో ఉంది" అంది.

గదంతా కలయజూశాను. "ఎవరు వాడుతున్నారు? ఉన్నది నేనొక్కణ్నేగా!" అని పైకే అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, కింద నుంచి టైలరమ్మ "ఎవరితోనండీ?" అని కేకేసింది. కంప్యూటరుతో అని చెప్పడానికి సిగ్గేసి, పిల్లితో అన్నాను. మనకు పిల్లి లేదని ఆవిడకు తెలుసు.

తర్వాత తెలిసింది, మెయిలు తెరిచి ఉండగా ఫైలును కదపకూడదట. మెయిలు మూశాను. అయినా అదే పాట. పైకి మూసుకున్నా లోపల ఎక్కడో నడుస్తూనే ఉంటుందట. కంప్యూటరునే మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టాక అప్పుడు వదిలింది.

అన్నట్టు, వెనకటికి ఒకాయన రేడియో పట్టుకొచ్చేవాడు, గుర్తుందా? ఇంట్లో మోగదు, మన షాపులో పెట్టగానే మోగుతుంది. తెస్తాడు, మోగుతుంది, తీసుకెళతాడు, మోగదు. నేనేదో మంత్రం వేస్తున్నానని ఆయన అనుమానం. చివరికి ఆయన ఇంటికి వెళ్లి చూస్తే సెట్టులో ఏ లోపమూ లేదు, ఆ ఇంటి గోడలో వైరు తెగి ఉంది. ఇదెందుకు చెబుతున్నానో నాకూ తెలియదు. రాసుకుంటూ పోతే చెయ్యి ఎటో వెళుతోంది.

ఫైలును కత్తిరించి పట్టుకెళ్లలేదు. ముందు నకలు తీశాను. రేడియోలో కొత్త వాల్వు వెలిగేదాకా పాతది పారెయ్యకూడదన్నది నా పాత అలవాటు. రెండూ ఒకే పేరుతో ఉంటే తికమక అని పాతదాని పేరు మార్చి పక్కన పెట్టాను. అప్పుడు మెయిలు తెరిచాను. అది తిన్నగా పాత చోటికే వెళ్లి వెతుక్కుంది. కనబడటం లేదు అంది. దాని మీద కోపమేమీ రాలేదు. నేను మాత్రం సాయంత్రం షాపు మూసి పైకొచ్చి, తలుపు తోసి ముందు నీ కుర్చీ వైపే కదా చూసేది! ఇదిగో, ఇక్కడుంది అని డిస్కులో చోటు చూపించాను. మారు మాట్లాడకుండా అన్నీ తెచ్చి వరసగా పెట్టింది.

సరిగ్గా వచ్చాయో లేదో చూడాలి కాబట్టి ఒకటి రెండు తెరిచాను. నీ పాత విద్యార్థిని ఒకమ్మాయి రాసింది: "టీచర్, ఇవాళ స్టేషన్లో చెప్పులు విప్పి నిలబడ్డాను. రైలు అందరికంటే ముందు నా కాళ్లకే వచ్చింది." ఇంకేవీ చదవలేదు, ఒట్టు. కానీ పక్కనే 'కింది షాపు' అని ఒక ఫోల్డరు కనబడింది. నాదే కదా, తెరిచాను.

బడి నుంచి వచ్చేసరికి నీ గొంతు బొంగురుపోయి ఉండేది. కేకెయ్యలేక, పై నుంచి కింద షాపులో ఉన్న నా కంప్యూటరుకు మెయిలు కొట్టేదానివి. అది చచ్చిపోయినప్పుడు నా మెయిళ్లను కూడా నువ్వే పైకి తెచ్చి ఇందులో కలిపావు. అన్నీ ఉన్నాయి.

"భోజనం చల్లారిపోతోంది. పైకి రండి."

"మళ్లీ వేడిచేశాను. రండి."

"ఇక నేను తినేస్తున్నా."

"తినలేదు. రండి."

ఒక్కదానికీ నా జవాబు లేదు. మెట్లెక్కి రావడమే నా జవాబు. అది ఏ ఫైలులోకీ ఎక్కలేదు.

ఇప్పుడు అసలు మాట. ఇదంతా ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ఎప్పుడో అయిపోయింది. సాయంత్రం ఫోనులో నువ్వు ఖర్చుపెట్టేది ఒకే మాట, "అయిందా?" అని. నేను "ఇంకా లేదు" అంటూ వస్తున్నాను. ఒకరోజు కరెంటు లేదన్నాను, ఒకరోజు కేబులు మంచిది కాదన్నాను. పాపం ఆ కేబులు కొత్తది. అయిందని చెబితే మర్నాటి నుంచి దేని కోసం ఫోను చేస్తావు? డిస్కు కూడా చేతికొస్తే, అక్కడే ఉండిపొమ్మంటున్నవాళ్లకు సరే అనేస్తావు.

టైలరమ్మే పట్టేసింది. రిపేరుకిచ్చిన రేడియో కోసం వచ్చి, అలమరలో దూది చుట్టి దారం కట్టిన డిస్కును చూసింది.

"ఇదేనా ఆ కదలని ఫైలు?"

"కదిలింది."

"మరి నిన్న ఫోనులో ఇంకా లేదన్నారేం? నేనిక్కడే ఉన్నాగా, విన్నా."

నేను వంగి స్క్రూడ్రైవరు వెతకడం మొదలుపెట్టాను.

"అది మీ చేతిలోనే ఉంది మెకానిక్కు గారూ."

"ఇది కూడా వెళ్లిపోతే ఆవిడకు ఇంక ఇక్కడేం పని ఉంటుందమ్మా?" అన్నాను.

"బాగుంది! ఆవిడకు ఇక్కడ పని లేదు, సరే. మీకేం పని ఇక్కడ?" అంది. నేను నోరు తెరిచేలోగా, "ఈ రేడియో బాగుచెయ్యడం అనకండి. నెలకిందట ఇచ్చాను" అని రేడియో చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

నీ ఉత్తరంలో చివరి వాక్యం, "ఈ గదిలో కిటికీ కింద మీ రిపేరు బల్ల పడుతుంది, కొలిచాను." ప్రశ్నలా రాయలేదు గానీ అది ప్రశ్నేనని నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ మోకాలి గురించీ గులాబీ గురించీ చెబుతూ వచ్చాను. నేనూ కొలిచాను. కాళ్ల మరలు విప్పితే బల్ల రైల్లో పడుతుంది.

డిస్కు కొరియరులో రాదు. జేబులో పెట్టుకుని నేనే తెస్తున్నాను. ఆ గుండీ ఇక ఊడదు. ఇక్కడి పాత ఫైలును ఇంకా చెరపలేదు, అక్కడ నీ కంప్యూటరులో అన్నీ తెరుచుకున్నాకే ఆ మాట. ఇంటికీ అదే పద్ధతి పెట్టాను: తాళంచెవి, గులాబీ టైలరమ్మ దగ్గర ఉంటాయి.

ఈ ఉత్తరం కంటే ముందే నీకొక మెయిలు వచ్చి ఉంటుంది. ఎప్పటి మాటకు ఇప్పుడు జవాబేమిటని కంగారుపడకు. ఇవాళ 'కింది షాపు' తెరిచి, "భోజనం చల్లారిపోతోంది, పైకి రండి" అన్నదాని కింద, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "వస్తున్నాను" అని కొట్టి పంపాను.

మళ్లీ వేడిచెయ్యకు. నేను వచ్చాక చూద్దాం.

ఇట్లు,
మీ ఆయన