సగం చుట్ట

మెదక్, డిసెంబరు 1964. మంగళవారం రాత్రి.

కుట్టు మిషన్ల రిపేరుకని ఏ ఊరు వెళ్లినా, బస్సు దిగగానే నర్సింలూ నేనూ ముందు వెతికేది చుట్టల దుకాణమే. సిద్దిపేట చుట్ట మరీ ఘాటు, సంగారెడ్డిది త్వరగా ఆరిపోతుంది. మెదక్‌లో ఖాదర్ మియా చుట్టినవాటికి సాటి లేదని నర్సింలు వాదన. ఇద్దరికీ కలిపి ఒక్కటే కొనేవాళ్లం. చుట్ట మొత్తం తాగితే వాడికి దగ్గు.

వాడు పోయాక ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. మిగతా ఊళ్లలో అడిగినవాళ్లకు చెప్పగలిగాను. ఇక్కడ మియా నన్ను చూస్తూనే అలవాటుగా ఒక చుట్టను చాకుతో రెండు ముక్కలు చేశాడు.

"ఒక్కనివే వచ్చినవేంది భాయ్? నర్సింలన్న ఏడున్నడు?"

ఆ రెండో ముక్కనే చూస్తూ, "ఎనక బస్సుల వస్తుండు" అనేశాను.

"అయితే గిది ఆయనకు ఉంచుత. వచ్చెదాంక దుకాణం బంద్ జెయ్య తియ్యి" అని నవ్వాడు.

పాడు నోరు. ఎందుకన్నానో ఆ మాట!

నా సగం ఇంకా వెలిగించలేదు. ఆఖరి బస్సు వచ్చి చాలాసేపైంది. వెళ్లి చెప్పాలని చెప్పులు వేసుకున్నాను, మళ్లీ విప్పాను. బజారంతా చీకటి. నేను దిగిన ఈ గది కిటికీలోంచి చూస్తే మియా దుకాణంలో మాత్రం లాంతరు వెలుగుతోంది. మధ్యమధ్య అరుగు దిగి బస్టాండు వైపు చూస్తున్నాడు.