ఫుకెట్ టు గిద్దలూరు, వయా విశ్వాసం జిరాక్స్

ఫుకెట్,
ఆదివారం

శ్రీవారికి భ్రమరాంబ నమస్కరించి రాయునది.

ఈ ఒక్క లైను కోసం మూడు కాగితాలు పాడుచేశాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మీకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదని పెన్ను పట్టుకున్నాకే గుర్తొచ్చింది. రాయడానికి మనం విడిగా ఉన్నదెప్పుడు? నా పుట్టిల్లు కూడా మన వెనక వీధేనాయె. ఫోను చేద్దామంటే మీకు వినపడదు. మీకు వినపడేట్టు అరిస్తే ఈ హోటలంతా లేచి వస్తుంది. అందుకని మన మనవరాలు శ్రీదివ్య ఉపాయం చెప్పింది. నేను రాసింది అది ఫొటో తీసి, మన దుకాణం ఎదురుగా ఉన్న జిరాక్సు విశ్వాసానికి పంపుతుంది. అతను కాగితం మీద తీసి మీ చేతికిస్తాడు. మీ జవాబు కూడా అదే దారిలో పంపండి.

మేమంతా క్షేమంగా చేరాం. ఇక్కడ ఏ లోటూ లేదు. మీరు కంగారు పడొద్దు. కుక్కర్ల కంపెనీవాళ్ళు మన అబ్బాయి ఫణికి ఈ ప్రయాణం ఇచ్చారంటే, ఆ కుక్కర్లలో సగం మీ చేత్తో అమ్మినవే. అయినా తీరా బయలుదేరే వేళకు "పెళ్ళిళ్ళ సీజను. దుకాణం మూస్తే ఎట్ల?" అని ఎక్కిన బస్సు దిగిపోయారు. కోడలు వాసవి దారంతా అదే తలచుకుని బాధపడింది.

గదిలో మంచం మీద హంసను పెట్టారు. దాని మెడ విప్పబుద్ధి కాక కొంగుతోనే తుడుచుకుంటున్నాను.

సముద్రం చూశాను. పెళ్ళయిన కొత్తలో సముద్రం చూపించమంటే మీరు మీటరుగేజి బండిలో కంభం తీసుకుపోయి, చెరువు కట్ట మీద నిలబెట్టి "ఇదే అనుకో" అన్నారు. అప్పుడు అట్లాగే అనుకున్నాను. ఇప్పుడు నిజం సముద్రం ముందు నిలబడి అవతలి గట్టు కోసం వెతుకుతున్నాను.

మీ
భ్రమరాంబ

తా.క.: విశ్వాసం తమ్ముడూ, ఈ కింది మాటలు మీ బావకు మాత్రమే. నువ్వు చదవద్దు. ఏమండీ, విమానంలో ముడుచుకుని కూర్చోవడంతో మోకాళ్ళు పట్టేశాయి. కోడలికి చెప్పలేదు. చెబితే నన్ను ఎక్కడికీ కదలనివ్వదు.

*

గిద్దలూరు,
సోమవారం

సౌభాగ్యవతి భ్రమరకు నాగేశ్వర్లు ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అందింది. ఏ లోటూ లేదన్నావు, సంతోషం. ఇక్కడ కూడా ఏ లోటూ లేదు. టీవీ ఎంత గట్టిగా పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. బస్టాండు దగ్గర మెస్సు నడిపే శ్రీశైలమ్మ రెండు పూటలా క్యారియరు పంపుతోంది. పప్పులో ఉప్పు బాగా కుదురుతుంది. నువ్వు ఒక చిటికెడు తక్కువ వేస్తావని ఇన్నాళ్ళకు తెలిసింది. వంక పెట్టడం లేదు. తెలిసింది కాబట్టి రాశాను.

మంచం మీద హంసను ఎందుకు పెట్టారు? దాని మెడ కట్టిందెవరు? పాపం, విప్పి బయటికి వదిలేయమను. పక్షులు నిద్రలో పొడుస్తాయి, శ్రీదివ్యను దూరంగా పడుకోబెట్టు. అంత పెద్ద హోటలులో తువ్వాలు కూడా ఇవ్వలేదా? కొంగుతో తుడుచుకునే ఖర్మ ఏమిటి? అడగడానికి ఫణికి మొహమాటమైతే చెప్పు, కంపెనీ వాళ్ళకు నేను రాస్తాను.

కంభం చెరువు సంగతి రాశావు. ఆ రోజు తిరుగుబండి తప్పిపోయి స్టేషనులో బెంచీ మీద మనం తిన్న జామకాయలు గుర్తున్నాయా? ఆ తర్వాత అంత తీపి కాయలు ఎక్కడా దొరకలేదు. శీతాకాలం కాయలు కాబోలు.

ఇట్లు,
నాగేశ్వర్లు

తా.క.: నువ్వు చదవద్దన్న మాటలు విశ్వాసం చదవలేదట. మోకాళ్ళకు ఆముదం రాసుకోమని మాత్రం చెప్పమన్నాడు.

*

ఫుకెట్,
మంగళవారం

శ్రీవారికి నమస్కారాలు.

ఆ హంస తువ్వాలుతో చేసింది. ఇక దాని సంగతి వదిలేయండి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి కోడలు నవ్వు ఆపలేకపోతోంది.

ఇక పప్పు విషయం. ఇన్నేళ్ళు కంచం ముందు కూర్చుని ఒక్కరోజు కూడా నోరెత్తని మనిషికి, నేను సముద్రం దాటగానే ఉప్పు తెలిసిందన్నమాట. చాలా సంతోషం. శ్రీశైలమ్మనే జీవితాంతం పంపమనండి.

ఆ మంట చల్లారక ఇక్కడి వంటశాలకు పోయాను. లక్ష్మణ్ అని ఒక వంటాయన ఉన్నాడు, యాభై దాటిన మనిషి. నా మాట వింటూనే గరిటె కింద పెట్టి, "అమ్మా, మీది గిద్దలూరు పక్కనా? మాది వెలిగండ్ల. ఈ యాస విని ఎన్నేండ్లయినాదో" అన్నాడు. ఇద్దరం కాసేపు కంటనీరు పెట్టుకున్నాం. తర్వాత "కందిపప్పు ఉంది గదా నాయనా? ఉప్పు నేనే వేస్తా, నువ్వు చూస్తా ఉండు" అన్నాను.

పెద్ద డేగిసా నిండా చేశాం. అన్నంలో కలుపుకోవడం తెలియక ఒక రష్యా ఆయన గిన్నెలో పోయించుకుని తాగేశాడు. మళ్ళీ పోయించుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళావిడను తీసుకొచ్చాడు. హోటలు మేనేజరు వచ్చి నన్ను ఇక్కడే ఉండిపొమ్మన్నాడని లక్ష్మణ్ తెలుగులో చెప్పాడు. ఆలోచించి చెబుతానన్నాను.

ఉప్పు సరిపోయిందట.

ఉంటాను,
భ్రమరాంబ

తా.క.: విశ్వాసం తమ్ముడూ, ఆముదం దొరకలేదు, కొబ్బరినూనె రాశాను. చదివిన సంగతి ఊరికొచ్చాక మాట్లాడుకుందాం.

*

గిద్దలూరు,
బుధవారం

శ్రీమతి భ్రమరాంబ గారికి,

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. ఆలోచించి చెబుతానన్నారు కాబట్టి బాగా ఆలోచించుకోండి. నా సంగతి ఆలోచనలో కలుపుకోవద్దు. మందులు ఏ డబ్బాలో ఉన్నాయో మాత్రం రాయండి. పంచెలు ఇస్త్రీకి ఎవరికి వేస్తారో కూడా తెలియదు.

దుకాణంలో ఊరికే కూర్చుంటే పాత సంగతులు గుర్తొస్తున్నాయి. మా నాయన నాకు గిన్నెల మీద పేర్లు కొట్టడం నేర్పిన కొత్తల్లో మన పెళ్ళయింది. అప్పుడు మిషను లేదు, ఉలీ సుత్తీనే. నేను సొంతంగా కొట్టిన మొదటి పేరు నీదే. ఆ 'భ్ర' దగ్గర చెయ్యి వణికి గ్లాసుకు చిల్లి పడింది. నువ్వేమో ఆ చిల్లి మీద వేలు అడ్డం పెట్టుకుని కాఫీ తాగావు. మా అమ్మ చూసి "ఏందే ఆ తాగేది?" అంటే, "వేడిగా ఉంది అత్తా" అన్నావు. ఇప్పుడు మిషను వచ్చింది. ఎవరి పేరైనా చిటికెలో అయిపోతుంది. ఆ ఠంగు ఠంగులు ఎక్కువగా విన్నందుకే కాబోలు చెవులు అలిసిపోయాయి.

ఉండాలనిపిస్తే ఉండండి.

ఇట్లు,
బి. నాగేశ్వర్లు,
స్టీలు పాత్రల వ్యాపారి

తా.క.: అక్కా, నేను విశ్వాసాన్ని. బావకు తెలియకుండా కింద నా మాట కలిపి పంపుతున్నా. ఆయన ఒక్క ముద్ద సరిగా తింటల్లేదు. శ్రీశైలమ్మ క్యారియరు రోజూ నాకే ఇస్తున్నాడు. నిజం చెప్తున్నా, ఆ పప్పు ఉప్పు కషాయం. నిన్న పెళ్ళివాళ్ళు వచ్చి బిందెలు, పళ్ళేలు తీసుకోని "అన్నిటి మీద హేమలత అని కొట్టు" అనినారు. ఈయన అన్నిటి మీద భ్రమరాంబ అని కొట్టినాడు. ఒక్క గంటె కూడా వదలలేదు. పెళ్ళికూతురి మేనమామ దుకాణం ముందర పెద్ద గలాటా చేసినాడు. ఇంకో మాట. ఆయన బస్సు దిగింది సీజను కోసం కాదు. "ఊరుగాని ఊళ్ళో, కోడలి ముందర, నాకోసం అందరూ అరవాల్నా విశ్వాసం? వాళ్ళన్నా సుఖంగా తిరిగొస్తారు" అనినాడు. నేను చెప్పినట్టు చెప్పొద్దు.

*

ఫుకెట్,
గురువారం

శ్రీవారికి,

మందులు వంటింట్లో పసుపు మూత డబ్బాలో ఉన్నాయి. పంచెలు ఎవరికీ వేయను, నేనే ఇస్త్రీ చేస్తాను. ఉద్యోగం లేదు, సద్యోగం లేదు.

రేపటి నుంచి కంపెనీ వాళ్ళు దీవులు చూపిస్తారట. పడవల మీద తిరుగుతాం. కాబట్టి రెండు రోజులు నా నుంచి ఉత్తరం రాదు. వేళకు తినండి.

భ్రమరాంబ

తా.క.: తాతా, నేను శ్రీదివ్యను. నానమ్మ స్నానానికి పోయింది, తొందరగా రాస్తున్నా. బీచ్‌లో గొడుగుల కింద జంట కుర్చీలు ఉంటాయి. నానమ్మ రోజూ ఒకదాంట్లో కూర్చుని రెండో దాని మీద తన సంచి పెడుతుంది. ఎవరైనా అడిగితే "మావాళ్ళొస్తారు" అంటుంది. ఇంగ్లీషువాళ్ళకు కూడా తెలుగులోనే చెబుతుంది. వాళ్ళు సారీ చెప్పి వెళ్ళిపోతారు. నువ్వు వస్తే బాగుండేది తాతా.

*

గిద్దలూరు,
గురువారం సాయంత్రం

సౌభాగ్యవతి భ్రమరకు,

దీవులు బాగా చూడు. పడవలో అంచున కూర్చోవద్దు. నాకు కూడా దుకాణంలో సరుకు సర్దే పని పడింది. రెండు రోజులు ఉత్తరం రాయను. కంగారు పడొద్దు.

నాగేశ్వర్లు

తా.క.: అక్కా, ఈసారి నేనేమీ రాయను. రాయనని బావ నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. (విశ్వాసం)

*

ఫుకెట్,
శనివారం

నా భ్రమరకు,

పైన ఊరి పేరు సరిగానే రాశాను. మళ్ళీ చదువుకోవద్దు. నేను ఫుకెట్‌లోనే ఉన్నాను. నువ్వు గిద్దలూరులో ఉన్నావు. మనల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

శ్రీదివ్య రాసింది చదివాక దుకాణంలో కూర్చోలేకపోయాను. ఫణి ఎప్పుడో తీయించిన పాస్‌పోర్టు బీరువాలో ఉంది. విశ్వాసం టిక్కెట్టు తీసి, హైదరాబాదు దాకా వచ్చి ఎక్కించాడు. నిన్ను ఆశ్చర్యపరచాలని ఫణికి కూడా చెప్పనివ్వలేదు. విమానాశ్రయంలో ఒక ఆఫీసరు ఏదో అడిగాడు. ఎక్కడికని అడుగుతున్నాడనుకుని "మా ఆవిడ దగ్గరికి" అన్నాను. అతను అడిగింది నా పేరట. నవ్వి ముద్ర వేసి పంపించాడు.

హోటలు పేరు రాసిన కాగితం చూపించి టాక్సీలో దిగి, నేరుగా బీచికి పోయాను. ఫణి ఎదురొచ్చి నన్ను చూసి కొయ్యబారిపోయాడు. "అమ్మ ఏదిరా?" అన్నాను. వాడు ఏదో అన్నాడు. వినపడలేదన్నాను. వాడు చెవి దగ్గర నోరుపెట్టి, "అమ్మ పోయింది నాయనా!" అని అరిచాడు.

భ్రమరా, ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా తెలియదు. ఇసుకలో కూలబడిపోయానట. పడవల్లో అంచున కూర్చోవద్దని రాశాను కదా అని అదే మాట అంటూ ఏడ్చానట. చుట్టూ జనం మూగారు. ఒక తెల్లాయన నా వీపు నిమిరాడు. వంటశాల నుంచి మీ వెలిగండ్ల లక్ష్మణ్ నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చి, "పెద్దాయనా, పోయింది అంటే ఆ పోవడం గాదు! గిద్దలూరికి పోయింది!" అని నా రెండు భుజాలు పట్టుకుని ఊపాడు. ఫణి మొహం చూడాలి. తెలుగు మాట్లాడడానికే భయపడుతున్నాడు.

తర్వాత వాసవి అంతా చెప్పింది. ఇదే హోటలులో దిగిన మార్కాపురం పలకల వ్యాపారి ప్రభాకరరావు దంపతులు ముందుగా తిరిగిపోతుంటే వాళ్ళతో నువ్వు కూడా బయలుదేరావట. నాకు చెబితే వద్దంటానని వీళ్ళ నోళ్ళు కట్టేశావట. కోడలు చెబుతుంటే ఒక్క మాట కూడా జారిపోలేదు. ఆ అమ్మాయి అరవలేదు. నాకెదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ నిదానంగా చెప్పింది. అంతే. నాకోసం అందరూ అరవాల్సి వస్తుందని నేను ఊళ్ళోనే ఆగిపోయాను.

పొద్దు వాలేటప్పుడు శ్రీదివ్య నా చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి తీసుకుపోయింది. మోకాళ్ళ దాకా దిగాను. ముందు కాళ్ళకు తెలిసింది, తర్వాత గుండెకు, ఆ తర్వాత చెవులకు. భ్రమరా, నాకు సముద్రం వినపడింది. నువ్వు పిలిస్తే వినపడదు, ఫోను మోగితే వినపడదు, ఇది మాత్రం పెద్దగా, నిండుగా వినపడింది. పక్కకు తిరిగి నీకు చెప్పబోయాను. నువ్వు లేవు. అప్పుడు శ్రీదివ్యకే చెప్పాను. అది "నాకూ వినపడుతోంది తాతా" అంది.

విశ్వాసం ఫణికి ఫోన్ చేశాడు. నువ్వు తాళం వేసిన దుకాణం ముందు పెట్టె మీద కూర్చుని "ఈయన ఏడి?" అని వీధిలో ప్రతి ఒక్కరినీ నిలబెట్టి అడిగావట. నేనెక్కడున్నానో చెప్పగానే నవ్వావనీ, ఆ వెంటనే పాస్‌పోర్టు ఎక్కడుందో సంచిలో వెతుక్కున్నావనీ చెప్పాడు.

అందుకే ఈ ఉత్తరం ఇంత తొందరగా రాస్తున్నాను. నీకు దండం పెడతాను, బయలుదేరొద్దు. మేమంతా సోమవారం విమానానికి వస్తున్నాం. హైదరాబాదుకు ఎదురు రావద్దు. బస్టాండుకు కూడా రావద్దు. మనిద్దరిలో ఎవరో ఒకరు కదలకుండా ఉంటే తప్ప ఈ జన్మలో కలుసుకోలేం.

ఎప్పటికీ నీ
నాగేశ్వర్లు

తా.క.: విశ్వాసం, ఈ మాట నీకు. ఈ కాగితం మీ అక్క చేతికిచ్చి, నేను వచ్చేదాకా ఆమె చెప్పులు నీ షాపులో దాచిపెట్టు.