దున్నపోతు చదివిన దెయ్యం కథ

బావమరిదికి మీ అక్క మొగుడి దీవెనలు.

ఇక్కడ నేను బాగున్నాను. పెన్ను పట్టడం నాకు షట్టరు ఎత్తడం కంటే బరువు, అయినా రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

మీ అక్క పెళ్ళికి ముందు రికార్డుల కంపెనీలో ఒక కథ చదివిందని నీకు తెలుసు. క్రిస్మస్ రాత్రి దెయ్యం వచ్చి తలుపు తట్టే పాత కథ. చదివినవాళ్ళ పేరు రికార్డుల మీద వేయలేదు. అందుకని ఆ కథ ఎవరెవరు చదివారో అందరి రికార్డులూ ఏరి ఏరి తెచ్చాను. ఇందులో నువ్వెక్కడున్నావని అడిగితే, "మీ పెట్టెలోనే ఉన్నానేమో, వెతకండి" అని నవ్వేదే తప్ప చెప్పేది కాదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. నేను పోయేలోపు ఆ గొంతు ఒక్కసారి వినాలి. అంతే నా కోరిక.

పెట్టె నిండా ఉన్నవి మగ గొంతులే. ఎర్ర కాగితం అంటించిన రికార్డులో వాడైతే మరీ దున్నపోతు. ఒక్కో మాటా ఆవులించి ఆవులించి చదువుతాడు. మీ అక్కకు మాత్రం వాడే ఇష్టం. "ఆ దున్నపోతును ఇంకోసారి పెట్టండి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

మా వీధి చివర పాతసామాన్ల అతని దగ్గర అదే కథ ఆడగొంతుతో ఉందట. పచ్చ కాగితం. దున్నపోతును ఇస్తే అది ఇస్తానంటున్నాడు. శనివారం కొట్టు ఎత్తేసి వెళ్ళిపోతున్నాడు. ఇచ్చేస్తాను. నీకు చెప్తున్నాను, అడగడం లేదు.

ఇట్లు,
మీ బావ.

తా.క. ఆ దున్నపోతు రికార్డులో ఒక్కటే బాగుంటుంది. దెయ్యం వచ్చేచోట ఎవరో గొళ్ళెం కదిపిన చప్పుడు. షట్టర్లు బిగించి బతికినవాణ్ణి, ఇప్పటికీ తలుపు వైపు చూస్తాను.

*

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం, నా కాలు తప్ప. ఎవరిదో ఏరియల్ సరిచేస్తూ డాబా మీంచి జారాను. కట్టు కట్టారు. రేడియోల కొట్టు మూసి మంచంలో పడి ఉన్నాను, లేకపోతే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చి మీ గుమ్మంలో నిలబడేవాణ్ణి.

దయచేసి దున్నపోతును ఎవరికీ ఇవ్వకండి. కారణం ఎదురుగా చెప్తాను. కాగితం మీద చెబితే సగం చదివి చింపేస్తారు, మిమ్మల్ని నేనెరుగుదును.

ఒక్క మాట అడగనా? మీ గ్రామఫోను మిషనులో స్ప్రింగు ఇంకా మీరు వేసినదేనా?

చిత్తగించవలెను,
మీ బావమరిది.

తా.క. ఊరికే అడిగాను. కోపం తెచ్చుకోకండి.

*

బావమరిదికి,

తెచ్చుకున్నాను.

నా స్ప్రింగు జోలి నీకెందుకు? కంపెనీవాడు వేసిన స్ప్రింగు తెగితే, గోడౌన్ షట్టరు స్ప్రింగు కోసి, నా చేత్తో వంచి వేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి మొరాయించలేదు. అప్పుడు నువ్వు నూనె వేస్తానని మూత తీశావు. ఏడాది నీతో మాట్లాడలేదు, మర్చిపోయావా? మీ అక్క మధ్యలో పడబట్టి మళ్ళీ ఈ గడప తొక్కావు.

ఇప్పుడు నీ ఎత్తు నాకు అర్థమైంది. దున్నపోతు దొరకని సరుకని నీకెవరో చెప్పారు. నన్ను ఆపి, కాలు బాగయ్యాక వచ్చి నువ్వు పట్టుకుపోదామని. మీ అక్క గొంతు నా చేతికి అందుతుంటే అడ్డం పడతావా? రక్తసంబంధం అనేది ఉందా నీకు?

ఇట్లు,
నీ అక్కను చేసుకున్నవాణ్ణి.

తా.క. నీ కొట్లో మిషను మీద ఒకసారి రికార్డు విన్నాను. తోక తొక్కిన పిల్లిలా ఉంది. నా మిషను మీద వినాలి. ఆ కాలం గొంతులు కడుపునిండా తిన్న గొంతులు.

*

బావగారికి,

నాకు మీ రికార్డు వద్దు. అక్క మీద ఒట్టు. మీరు దాన్ని ఇచ్చేస్తే నేను నష్టపోయేది ఏమీ లేదు, పోయేది మీకే. శనివారం వరకు ఆగండి. ఎవరినైనా బతిమాలి ఆటోలో పడుకునైనా వస్తాను. నేను వచ్చి విన్నాక కూడా అది దున్నపోతే అంటే, నేనే మోసుకెళ్ళి అతనికి ఇస్తాను.

మీ పాదాల దగ్గర,
బావమరిది.

తా.క. మా ఆవిడ ఆటో మాట విని నా చంకకర్రలు దాచేసింది. అయినా వస్తాను.

*

బావమరిదికి,

శనివారం వస్తానని నువ్వు రాసిన ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. అందుకని శుక్రవారమే వెళ్ళి ఇచ్చేశాను.

ఇప్పుడు విను. నాకు కొట్లో వినే అలవాటు లేదు, నా మిషను మీద వింటేనే విన్నట్టు. పాతసామాన్ల అతను పట్టుబట్టి తన మిషను మీద పెట్టాడు. ఆడగొంతే. రెండు మాటలు విన్నానో లేదో మీ అక్కే అనిపించింది. ఆపించేశాను. మిగతాది ఇంట్లో ఒక్కణ్ణే వినాలని. పసిపిల్లను ఎత్తుకున్నట్టు తెచ్చాను.

ఇంట్లో పెడితే దున్నపోతు!

అదే ఆవులింత, అదే గొంతు, అదే గొళ్ళెం. కాగితం పచ్చగా ఉంది, లోపల మాత్రం వాడే. ఎప్పుడు మార్చాడో నా కళ్ళెదుటే మార్చాడు. మీ అక్క గొంతు అతని దగ్గర పెట్టుకుని నాకీ దున్నపోతును అంటగట్టాడు. దీన్ని అతని బల్ల మీదే ముక్కలు చేస్తాను. ఈ ఉత్తరం డ్రైవరుకిచ్చి, భోజనం చేసి బయల్దేరుతున్నాను.

నువ్వు రావద్దు. వచ్చి నవ్వుతావు.

ఇట్లు,
మోసపోయిన మీ బావ.

తా.క. భోజనం చేయబుద్ధి కావడం లేదు. ఇప్పుడే వెళ్తున్నాను.

*

బావగారూ,

పగలగొట్టకండి. చదివాక ఈ కాగితం చింపుకోండి, రికార్డును మాత్రం ముట్టుకోకండి.

మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. మీ షట్టరు స్ప్రింగు రికార్డును తిరగాల్సినంత వేగంగా తిప్పడం లేదు. నెమ్మదిగా తిరిగితే ఏ గొంతైనా లావెక్కుతుంది. ఆడగొంతు మగగొంతవుతుంది. ఎర్ర కాగితం, పచ్చ కాగితం, రంగే వేరు, రెండూ ఒకటే రికార్డు.

మీరు విన్నది గొళ్ళెం కాదు, గాజులు. చదివేటప్పుడు గాజులు తీయమంటే అక్క తీయలేదట. దెయ్యం వచ్చేచోట తనే భయపడి చెయ్యి కదిపిందట. కంపెనీవాళ్ళు చీవాట్లు పెట్టారని నాతో చెప్పింది. మీ మొదటి ఉత్తరంలో గొళ్ళెం మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది.

బావగారూ, ఇన్నేళ్ళుగా మీరు దున్నపోతు అంటున్నది మా అక్కని.

క్షమించండి,
బావమరిది.

తా.క. ఒక అసలు స్ప్రింగు డ్రైవరు చేత పంపుతున్నాను. విసిరికొట్టాలనిపిస్తే గోడకేసి కొట్టండి, డ్రైవరుకి పిల్లలున్నారు.

*

బావమరిదికి దీవెనలు.

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే నేను అతని బల్ల దగ్గర నిలబడి రికార్డు రెండు చేతులా పైకెత్తాను. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. "పగలగొట్టండి పెద్దాయనా, మీదే కదా. అయితే ఒకసారి పెట్టి చూద్దాం, తర్వాత మీ ఇష్టం" అన్నాడు. నా చేతిలోంచి తీసుకుని, నా కళ్ళెదుటే పెట్టాడు.

మీ అక్క చదివింది.

ఈసారి ఆపించలేదు. దెయ్యం వచ్చేచోట గాజులు కదిలాయి. వంటింట్లోంచి రోజూ విన్న చప్పుడు నాకు తెలియదా? నువ్వు చెప్పక ముందే నాకు తెలిసింది, అది గుర్తుపెట్టుకో. అక్కడున్న ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. అతను మంచినీళ్ళిచ్చాడు. కళ్ళలో దుమ్ము పడింది. పాతసామాన్ల కొట్టు కదా, దుమ్ము ఉంటుంది. వచ్చేటప్పుడు ఎర్ర కాగితందీ తిరిగి నా చేతిలో పెట్టాడు. రెండూ చంకలో పెట్టుకుని తెచ్చుకున్నాను.

నా స్ప్రింగు తప్పని నేను ఒప్పుకోవడం లేదు. షట్టరు ఎత్తమను, ఎత్తుతుంది.

నువ్వు పంపింది వేసి పొద్దుటి నుంచీ మీ అక్కను విన్నాను. సాయంత్రానికి తీసేసి నాదే మళ్ళీ వేశాను. ఎందుకంటావా? నా పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, మీ అక్క నవ్వింది ఆ దున్నపోతు గొంతు వినే. తనేనని తెలిసీ, నేను తిడుతుంటే వింటూ, ఒక్క మాట బయటపెట్టలేదు. చెబితే నా మిషను మూత తీయాల్సి వస్తుందని. అలాంటి మనిషి. ఆ గొంతు కూడా నాకు కావాలి.

రెండు రికార్డులున్నాయి. మిషను ఒకటే ఉంది. నీ కొట్లో పాతది ఏదైనా పడి ఉంటే పట్టుకురా.

ఇట్లు,
మీ బావ.

తా.క. నీ స్ప్రింగుతో మిగతా మగాళ్ళందరూ మేకపిల్లల్లా చదువుతున్నారు. వాళ్ళతో నాకు పని లేదు.

ఇంకో తా.క. వచ్చేటప్పుడు నూనె డబ్బా తెచ్చుకో. మూత నువ్వే తీద్దువుగాని.