గుమ్మం పట్టని బల్ల

సికింద్రాబాద్, రాంగోపాల్‌పేట్ నివాసి, కీర్తిశేషులు ఓంప్రకాశ్ భార్య, రైల్వే క్యాంటీనులో ముప్పై రెండేళ్లు వంట చేసి రిటైరైన ఊర్మిళ అనే నేను, వయసు డెబ్బై ఒకటి, నా చేత్తో వ్రాసుకున్న వీలునామా. నా మోకాళ్లు అరిగాయి గానీ బుర్ర అరగలేదు. ఎవరి ఒత్తిడీ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, ఎవరు ఏ రోజు ఏమన్నారో పూర్తిగా గుర్తున్న స్థితిలో, ఇష్టపూర్వకంగా వ్రాస్తున్నాను. ఇంతకు ముందు వ్రాసినవేమైనా ఉంటే ఇందుమూలంగా రద్దు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నాతో క్యాంటీనులో పనిచేసిన ప్రేమమణికి అప్పగిస్తున్నాను. ఆమె మొహమాటానికి లొంగదు.

2. నా స్వార్జితమైన ఇంట్లో పై వాటా చిన్న కొడుకు తుకారాంకు చెందుతుంది. నాలుగో అంశంలో చెప్పిన బల్లకు గరుకు కాగితం పట్టింది వాడే, బాగా పట్టాడు. తన భార్య మార్తను వాకిట్లో నిలబెట్టిన రోజు మాత్రం తల వంచుకుని రెండోసారి పరమాన్నం పెట్టించుకున్నాడు. ఆ రుచి వాడికి గుర్తుండాలి.

3. కింది వాటా పెద్ద కొడుకు హరికిషన్‌కు, ఏడో అంశంలోని షరతుకు లోబడి.

4. కింది వంటింటి నడుమ ఉన్న టేకు బల్ల, పిల్లలు కిచెన్ ఐలాండ్ అనేది, సర్వహక్కులతో మార్తకు. మోకాళ్ల ఆపరేషన్ తర్వాత నేను కింద కూర్చుని తరగలేకపోతే, పాత వీధి తలుపులు విప్పి, ఇంటిల్లిపాదీ నాలుగు ఆదివారాలు కష్టపడి చేశాం. మార్త తిరుమలగిరి వడ్రంగి కూతురు. నా మోచేతి ఎత్తు చూసి కాళ్లు కోసింది, చిత్రిక పట్టింది, ఒక్క మేకు లేకుండా చెక్క సీలలతో బిగించింది. హరికిషన్ ఫోనులో వీడియో తీసి, తానే చేసినట్టు చుట్టాలందరికీ పంపాడు. వంటింట్లో బిగించే ముందు మార్త, "బావా, జెర ఆగుండ్రి, ముందుగాల దర్వాజ కొలుద్దాం" అంది. వాడు "నాకు నేర్పొచ్చినవా? ఇంట్ల బల్ల ఇంట్లనే ఉంటది, బయటికెందుకు పోతది?" అన్నాడు. ఎటు తిప్పినా బల్ల గుమ్మం కంటే జానెడు వెడల్పు. ఇక అది బయటికి రాదు.

5. కొత్త బల్ల పెట్టాక ఆ వంటింట్లో పాలు పొంగించే రోజున చుట్టాలొచ్చారు. క్రైస్తవుల పిల్ల చేతులు పడ్డ బల్ల మీద శుభకార్యమేమిటని పెద్ద కోడలు కల్పలత ఇత్తడి చెంబుతో పసుపు నీళ్లు తెచ్చింది. హరికిషన్ మార్తను వాకిట్లోకి పొమ్మని, బల్లంతా కడిగాడు. అప్పటికింకా పాలిష్ పెట్టలేదు. చెక్క నీళ్లు తాగి ఉబ్బింది, ఎండాక మధ్యలో నెర్రె విచ్చింది. మార్త వాకిట్లో నిలబడి ఆ నీళ్ల చప్పుడు విన్నది. రెండేళ్లయింది, ఆ గడప మళ్లీ తొక్కలేదు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ తప్పు నాది. కోర్టువారు కూడా చదవాలనే ఇక్కడ వ్రాస్తున్నాను.

6. ఆ ఇత్తడి చెంబు కల్పలతకు. రోజూ నెర్రె ఎదురుగా పెట్టుకుని చూసుకోవాలి. కొలత టేపు హరికిషన్‌కు, కొత్తదే, వాడు ఒక్కసారీ విప్పలేదు. నా పోపుడబ్బా మార్తకు. మూత బిగుతు, ఎడమ చేత్తో తిప్పితేనే వస్తుంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

7. గత నెల నేనే మెట్లెక్కి వెళ్లి మార్తను వంటింట్లోకి రమ్మన్నాను. "తోలింది మీరు గాదు గద అత్తమ్మా. తోలినోళ్లు పిలవాలె" అంది. నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఆ కోపమే ఈ షరతు. నా పదకొండో రోజు పొద్దున, బంధువులందరూ వినేట్టు, హరికిషన్ పద్నాలుగు మెట్లూ ఎక్కి మార్తను వంటింట్లోకి పిలవాలి. రావడం, మానడం ఆమె ఇష్టం. పిలవడం వాడి పని. వస్తే ఆనాటి భోజనం ఆ బల్ల మీద ఆమె చేతి వంటే, వడ్డన హరికిషన్, కల్పలతలదే. ఆపైన ఆమె బతికున్నంత కాలం ఏ వేళ వచ్చినా, ఆ బల్ల మీద చేప తోముకున్నా, కోడికూర వండుకున్నా అడ్డు చెప్పరాదు. పిలవకపోయినా, అడ్డు చెప్పినా, బల్ల మీద రంపం పెట్టినా కింది వాటా మొత్తం మార్తది.

8. బల్ల కళ్లెదుట ఉండకూడదని హరికిషన్‌కు బుద్ధి పుడితే, గుమ్మం, గోడ తన చేతులతోనే పగలగొట్టి, దాన్ని పైకి మోసి మార్త ఇంట్లో దించాలి. అది చేతకాకపోతే ఆ రోజు వాడన్న మాటే ఖాయం: ఇంట్ల బల్ల ఇంట్లనే ఉంటది.

ఈ కాగితం ఆ బల్ల మీదే, నెర్రెకు ఇవతల పరుచుకుని, సాక్షులకు చదివి వినిపించి, వారి ఎదుట సంతకం చేశాను. నిలబడే చేశాను. ఎత్తు సరిగ్గా నా మోచేతికి సరిపోయింది.

తేదీ: 9 నవంబరు 2025, సికింద్రాబాద్

(సంతకం) ఊర్మిళ

సాక్షులు:
1. జోగారావు, పక్కింటివారు
2. విజయమ్మ, ఎదురింటివారు