నున్నగా చేసిన ఇనుము

ముఐథర్,
శనివారం

మమతకు,

నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. అక్కడ నువ్వూ, అమ్మా, పిల్లవాడూ చల్లగా ఉన్నారని నిన్న ఫోన్లో విన్నాను కనుక మళ్ళీ అడగను. రోజూ ఫోన్ చేసేవాడికి ఉత్తరమెందుకని ఎగతాళి చేయకు. నీ గొంతు వింటుంటే కొన్ని మాటలు నోట రావు. అందుకే ఖాసీం ఇంటికి వస్తుంటే అతని చేతికిచ్చి పంపుతున్నాను. నాతో పాటు షెడ్డులో పనిచేసేవాడు, ఆర్మూరు మనిషి.

"అందరు స్టేడియాలు కడుతుంటే నువ్వు గా యుద్ధం బండి కాడ ఏం జేస్తున్నవ్?" అని అడిగావు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే అమ్మయితే, దుబాయ్‌లో యుద్ధం మొదలైందనే అనుకుంటోందట. అది ఎనభై ఏళ్ల కిందటి యుద్ధమని ఆమెకు చెప్పు. స్టేడియం పని అయిపోయాక కంపెనీ నన్నూ ఖాసీంనూ ఈ షెడ్డుకు పంపింది. వచ్చే ఏడు ఇక్కడ జరిగే ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు వచ్చేవాళ్ళకు చూపించాలని ఇక్కడి షేక్ ఒకాయన పాత యుద్ధ బండ్లు కొని బాగు చేయిస్తున్నాడు.

మా ముందున్నది ఒక ట్యాంకు. ఒక దేశం వాళ్ళు తయారుచేసుకున్నదాన్ని ఇంకో దేశం వాళ్ళు యుద్ధంలో పట్టుకున్నారు. పైన తిరిగే భాగాన్ని పీకేసి, తమ పెద్ద ఫిరంగిని పెట్టి, చుట్టూ ఇనుప పలకలు నిలబెట్టి వెల్డింగ్ చేశారు. ఆ ఫిరంగి తిరగదు. గురి బాగా మార్చాలంటే బండినే తిప్పాలి. కింది భాగం ఫ్యాక్టరీ పని, ముచ్చటగా ఉంటుంది. పైన అతికినవాడు ఎవడో గాని అతుకులన్నీ గడ్డలు గడ్డలు. పద్నాలుగేళ్లుగా వెల్డింగ్ చేస్తున్నవాణ్ణి, అది చూస్తే నాకు చేతులు ఊరుకునేవి కావు. "పానం మీదికొచ్చినోడు నున్నగ జేస్తడా భయ్యా?" అని ఖాసీం నవ్వేవాడు.

తెలుగులో మాట్లాడడానికి నాకిక్కడ అతనొక్కడే. శుక్రవారం సెలవు కదా, నమాజు చేసుకుని అల్ హిలాల్‌లో చెల్లెలింటికి పోతాడు. మేముండే లేబర్ క్యాంపులో నాకు పొద్దు గడవదు మమతా. గోడ చూస్తూ కూర్చుంటే ఏడుపొస్తుంది. పోయిన వారం శుక్రవారం ఉండబట్టలేక, క్యాంపు గోడకు వేలాడే తాళంచెవి తీసుకుని షెడ్డుకు పోయాను. ఖాసీం గ్రైండర్ తీసి ఆ గడ్డలన్నీ అరగదీశాను. సాయంత్రానికి అతుకెక్కడో వేలికి తెలియనంత నున్నగా వచ్చింది. మేనేజరు మెచ్చుకుంటాడనుకున్నాను. ఆ ఒక్క పూట నేను ఒంటరివాణ్ణన్న సంగతే గుర్తు రాలేదు.

మరునాడు మేము వెళ్ళేసరికే ఆ బండ్ల గురించి తెలిసిన ముసలి దొర ఒకాయన వచ్చి ఉన్నాడు. పలక మీద చెయ్యి పెట్టి అతుకులున్న చోటల్లా తడిమి చూశాడు. ఆ గడ్డలే దాని విలువట. యుద్ధం మధ్యలో మనుషులు చేసిన పని అనడానికి అవే గుర్తట. పోయినవి ఇక రావు. "గ్రైండింగ్ కిస్‌కా కామ్ హై?" అని మేనేజరు అరిచాడు. గ్రైండింగ్ ఖాసీం డ్యూటీ. "మైనే నహీ కియా సాబ్" అని, తాను చేయలేదని అతను మూడుసార్లు అన్నాడు. చెల్లెలింట్లో ఉన్నానన్నా మేనేజరు నమ్మలేదు. నేను పక్కనే నిలబడి గ్లౌజులు సర్దుకున్నాను.

అవును, నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అతనికున్నదీ ఆ ఉద్యోగమే. వీసా రద్దు చేశారు, రేపు విమానం. ఇవాళ పెట్టె కట్టుకుంటూ, "ఎవలు నమ్మకున్నా నువ్వు నమ్మినవ్, గంతే చాలు భయ్యా" అన్నాడు. మేనేజరు గది దాకా రెండుసార్లు పోయి వెనక్కి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఖాసీం ఉర్దూ బడిలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. సోమవారం నీ ఎదురుగా కూర్చుని ఉంటాడు. అతన్ని వెళ్ళనివ్వకు. ఈ కాగితం మొదటి నుంచి గట్టిగా చదివి వినిపించు. తర్వాత నాకు ఫోన్ కలిపి అతని చేతికివ్వు. మేనేజరు గది ముందే నిలబడి ఉంటాను. అతను తిట్టినా సరే, ఒక్క మాటా అనకుండా పెట్టేసినా సరే, ఈసారి లోపలికి పోతాను.

ఇట్లు,
నీ ముందు కూడా తలెత్తలేని
నీ పెనిమిటి,
రాజేశం